చిన్న మెరైన్ ట్యాంకుకి ఉప్పునీళ్లు కలపడం: రొయ్య ఎందుకు దాక్కుంటోంది, బకెట్‌లో ఏం మార్చాలి

నమస్తే అండీ. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్, 60 లీటర్ల మెరైన్ ట్యాంకు, రాళ్లూ ఇసుకా పోను లోపల 50 లీటర్ల నీళ్లు. రెండు క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య, ఒక రాయి మీద జోయాంథస్ పగడాలు ఉన్నాయి. మూడు వారాలకోసారి 20 లీటర్లు తీసేసి, బకెట్‌లో బోరు నీళ్లు పట్టి, మగ్గుతో మెరైన్ సాల్ట్ కొలిచి వేసి, ఐదు నిమిషాలు తిప్పి పోసేస్తున్నారు. పోసిన ప్రతిసారీ రొయ్య రెండు రోజులపాటు రాయి వెనకనుంచి బయటికి రావట్లేదు, జోయాలు ముడుచుకుపోతున్నాయి. ఉప్పు బ్రాండ్ మార్చాలా అని అడిగారు. కాకినాడ నుంచి అత్తగారు వచ్చేటప్పుడు సముద్రపు నీళ్లు తెప్పించుకోవచ్చా, ఖర్చు తగ్గడానికి కళ్లుప్పు కలపొచ్చా అని కూడా అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. బ్రాండ్ మార్చక్కర్లేదు. నీళ్లు ముందురోజు సాయంత్రమే కలపండి, ఉప్పు మగ్గుతో కాకుండా కాటా మీద తూచండి, బోరు నీళ్లు మానేసి ఆర్వో నీళ్లు వాడండి, మూడు వారాలకు 20 లీటర్ల బదులు వారానికి 5 లీటర్లు మార్చండి. పోసేముందు కొత్త నీళ్ల సెలినిటీ (నీళ్లలో ఉప్పు ఎంత ఉందన్న కొలత), వేడి రెండూ ట్యాంకు నీళ్లతో సమానంగా ఉన్నాయో లేదో కొలవండి. కాకినాడ నీళ్లు వద్దు. కళ్లుప్పు అసలే వద్దు, కానీ అదే ఇంటి ఉప్పు ఒక్క పనికి మాత్రం బాగా పనికొస్తుంది, అది కింద చెబుతాను.

నేను ఉప్పాడ తీరంలో రొయ్యల హేచరీలో 9 ఏళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేశాను. ఇంట్లో మెరైన్ ట్యాంకు పెట్టి 12 ఏళ్లు అయింది, ఇప్పుడున్నది 75 లీటర్లది. హేచరీలో లార్వా తొట్టెల పక్కన నిలబడి రోజుకి పదిసార్లు సెలినిటీ కొలిచే ఉద్యోగం కాబట్టి, రొయ్య ఒంటి భాష నాకు కొంచెం తెలుసు. మీ రొయ్య మీకు చెబుతున్నది చాలా స్పష్టంగా ఉంది.

లెక్క వేసి చూద్దాం. మీ ట్యాంకులో మిగిలిన 30 లీటర్లు 35 పీపీటీ దగ్గర ఉన్నాయనుకోండి, అంటే లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు. మగ్గు కొలతతో కలిపిన 20 లీటర్లు 29 దగ్గర ఆగాయనుకోండి. రెండూ కలిస్తే 32.6 అవుతుంది. పది నిమిషాల్లో 2.4 పీపీటీ పడిపోయింది. వేడి కూడా చూడండి. ట్యాంకు 26 డిగ్రీలు, మేడ మీది సింటెక్స్ నుంచి వచ్చిన నీళ్లు 31 డిగ్రీలు అయితే, కలిశాక 28 అవుతుంది. క్లౌన్ చేప దీన్ని ఓర్చుకుంటుంది. రొయ్య ఓర్చుకోదు. చేప తన ఒంట్లోని ఉప్పునీటి సమతూకాన్ని తానే సరిచేసుకోగలదు. క్లీనర్ రొయ్యలకీ పగడాలకీ ఆ శక్తి చాలా తక్కువ, బయట నీళ్లు ఎలా మారితే లోపల అలా మారిపోతాయి. హేచరీలో రొయ్య పిల్లల్ని ఒక సెలినిటీ నుంచి ఇంకో సెలినిటీకి తేవాలంటే గంటకి 2, 3 పీపీటీకి మించకుండా, సన్నటి ధారతో గంటల తరబడి దించేవాళ్లం. అవి అలాంటి మార్పులకు అలవాటుపడిన జాతి రొయ్యలు. మీ ఇంట్లో ఉన్నది పగడపు దిబ్బల రొయ్య. దాని పుట్టింట్లో సెలినిటీ దాదాపుగా మారదు.

ఇందులో ఇంకోటి ఉంది. ఐదు నిమిషాలు తిప్పితే పెద్ద పలుకులు కరిగినట్టే కనిపిస్తాయి, అడుగున సన్నటి పొడి మిగిలే ఉంటుంది. అది జోయాల మీద పడితే ఆ చోట కాలినట్టు అవుతుంది.

ఏ నీళ్లు?

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే హైదరాబాద్‌లో సగం సమస్యలు ఉప్పు వేయకముందే మొదలవుతాయి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లాంటివి ఎలాగూ ఉంటాయి, కానీ ఏ పాళ్లలో ఉన్నాయో మీకు తెలియదు. మెరైన్ సాల్ట్ తయారుచేసేవాళ్లు దాన్ని కలిపేది శుద్ధమైన నీళ్లలో అన్న లెక్కతోనే పాళ్లు కూర్చుతారు. దానికి తోడు బోరు నీళ్లలో నైట్రేట్, సిలికేట్ ఉండొచ్చు. మనం నీళ్లు మార్చేదే పేరుకున్న నైట్రేట్ తగ్గించుకోవడానికి. కొత్త నీళ్లతోనే అది వస్తుంటే ఎన్ని బకెట్లు మోసినా ఫలితం ఉండదు. మంజీరా, కృష్ణా పంపు నీళ్లయితే క్లోరిన్ కూడా ఉంటుంది.

ఇంట్లో తాగే ఆర్వో ఉంది కదా అంటారు. ఉంది, కానీ చాలా మెషిన్లలో రుచి కోసం చివర్లో మినరల్ కాట్రిడ్జ్ పెడతారు, లేదా టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం) కంట్రోలర్‌తో కొంచెం మామూలు నీళ్లు కలుపుతారు. టీడీఎస్ పెన్ను పెట్టి చూస్తే 60, 90, ఒక్కోసారి 150 చూపిస్తుంది. మా ఇంట్లో మొదటి ఏడాది 90 ఉన్న నీళ్లే వాడాను. ఇసుక మీదా అద్దాల మీదా గోధుమరంగు పొర, తుడిచిన మూడోరోజుకి మళ్లీ వచ్చేది. చేపలకి మేత ఎక్కువైందేమో అని మేత తగ్గించాను, లైటు తగ్గించాను. చివరికి మెకానిక్‌ని పిలిచి మెంబ్రేన్ (ఆర్వోలో నీళ్లని వడగట్టే పొర) తర్వాత మినరల్ కాట్రిడ్జ్‌కి ముందే ఒక టీ జాయింట్ పెట్టించి, ఆ పైపుకి డీఐ రెజిన్ (మిగిలిన లవణాల్ని పట్టుకునే గుళికలు) కాట్రిడ్జ్ తగిలించాను. టీడీఎస్ 0కి వచ్చింది. నెలన్నరలో ఆ పొర రావడం ఆగిపోయింది.

మీరూ అదే చేయించుకోండి. మెంబ్రేన్ మంచి స్థితిలో ఉంటే టీడీఎస్‌లో దాదాపు 95 శాతం ఆపుతుంది, కాబట్టి 1000 ఉన్న బోరు నీళ్లు 50 దగ్గరికి వస్తాయి. మిగిలినది డీఐ పట్టుకుంటుంది. రెజిన్ అయిపోతున్నకొద్దీ రంగు మారే రకం తీసుకుంటే ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది. అది కుదిరేదాకా 20 లీటర్ల వాటర్ క్యాన్ తెప్పించుకుని వాడొచ్చు, కానీ ప్రతి క్యాన్‌కీ టీడీఎస్ చూడండి, ఒకే ప్లాంటు నుంచి వచ్చినా రోజుకో రకంగా ఉంటుంది.

ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి వాడేవాళ్లు నాకు తెలుసు. టీడీఎస్ తక్కువే చూపిస్తుంది నిజమే. కానీ ఆ నీళ్లు రాగి గొట్టాలున్న కాయిల్ మీంచి జారి వస్తాయి. చేపకి పెద్దగా ఏమీ కాని రాగి మోతాదు రొయ్యనీ నత్తనీ పగడాన్నీ చంపేస్తుంది. దయచేసి వాడకండి.

కలిపే పద్ధతి

కొత్త ప్లాస్టిక్ బకెట్ ఒకటి, మూత ఉన్నది, దీనికోసమే కొనండి. సర్ఫ్ గానీ ఫినాయిల్ గానీ ఒక్కసారి కూడా తగలని బకెట్ అయి ఉండాలి. ఇంట్లో అందరికీ చెప్పండి, మూత మీద మార్కర్‌తో "చేపలది" అని రాసేయండి. ఒక చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు కావాలి, కూలర్‌లో వేసే పంపులాంటిది కాదు, అక్వేరియం పంపు. డిజిటల్ కిచెన్ కాటా కావాలి.

సాయంత్రం 8 గంటలకి బకెట్‌లో ఆర్వో నీళ్లు పోసి పంపు వేయండి. 10 లీటర్లు కావాలంటే మొదట తొమ్మిదిన్నరే పోయండి, ఎందుకంటే ఉప్పు కరిగాక మట్టం కొంచెం పెరుగుతుంది, పైగా చివర్లో సర్దుకోవడానికి చోటు ఉండాలి. ఉప్పు లీటరుకి 37 గ్రాములతో మొదలుపెట్టండి. 5 లీటర్లకి 185, 10 లీటర్లకి 370 గ్రాములు. 35 పీపీటీకి 35 గ్రాములు చాలవా అని మీకు అనుమానం రావచ్చు. ఆ పొడిలో కొంత తేమ, కొన్ని లవణాల్లో ఇమిడి ఉన్న నీరూ కలిసి ఉంటాయి, అందుకే ఎక్కువ పడుతుంది. బ్రాండ్‌ని బట్టి 36 నుంచి 39 దాకా మారుతుంది, మీ డబ్బా మీద ఉన్న లెక్క చూసుకోండి. రెండు మూడుసార్లు కలిపాక మీ డబ్బాకి సరిపోయే అంకె మీకే తెలిసిపోతుంది, దాన్ని మూత మీద రాసుకోండి. నాది 38.

ఉప్పు ఒక్కసారిగా కుమ్మరించకండి. పంపు తిప్పుతున్న నీళ్లలో గుప్పెడు గుప్పెడుగా, ఐదారు నిమిషాలు పట్టేలా వేయండి.

ఎప్పుడూ నీళ్లలో ఉప్పు వేయాలి, ఉప్పు మీద నీళ్లు పోయకూడదు. ఇది చాదస్తం కాదు. మొదట్లో నేను బకెట్ అడుగున ఉప్పంతా పోసి, దానిమీద పైపుతో నీళ్లు వదిలాను. నీళ్లు పాలలా తెల్లగా అయ్యాయి. తెల్లారినా అడుగున సున్నంలాంటి తెట్టు మిగిలింది, వేలితో రుద్దితే గరగరలాడింది. కరగని ఉప్పనుకుని రోజంతా పంపు తిప్పాను, కరగలేదు. అనుమానం వచ్చి ఆల్కలినిటీ (పీహెచ్ నిలబెట్టే కార్బొనేట్ల మోతాదు) కిట్‌తో చూస్తే, 8, 9 ఉండాల్సింది 5 ఉంది. జరిగిందేమిటంటే, తక్కువ నీళ్లలో ఎక్కువ ఉప్పు ఉన్న ఆ కాసేపట్లో కాల్షియం, కార్బొనేట్ కలిసి సున్నపురాయిగా మారి అడుక్కి దిగిపోయాయి. అది ఇక తిరిగి కరగదు. సెలినిటీ మీటర్‌లో మాత్రం అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. పగడాలకి కావలసిన సరుకే ఆ నీళ్లలో ఉండదు. ఆ బకెట్ పారబోశాను.

పంపు రాత్రంతా తిరగనివ్వండి. అక్వేరియం కోసం వచ్చే మామూలు ఉప్పులకి ఇది మంచిది, పూర్తిగా కరుగుతుంది, గాలి తగిలి పీహెచ్ కూడా 8.1 నుంచి 8.3 మధ్యలో కుదురుకుంటుంది. ఒక మినహాయింపు ఉంది. పగడాల కోసం ఆల్కలినిటీ బాగా ఎక్కువ పెట్టి తయారుచేసిన కొన్ని ఉప్పులు ఎక్కువసేపు తిప్పితే, అందులోనూ నీళ్లు వేడిగా ఉంటే, పైన చెప్పిన తెట్టే కడతాయి. వాటి డబ్బా మీద ఇన్ని గంటల్లో వాడేయాలని రాసి ఉంటుంది. అలా ఉంటే అదే పాటించండి, తెల్లవారుజామున లేచి కలుపుకోండి.

పొద్దున్న బకెట్‌లోకి చూస్తే అడుగు స్పష్టంగా కనిపించాలి. అప్పుడు సెలినిటీ కొలవండి. 10 లీటర్లు 38 చూపిస్తే, 38ని 35తో భాగించి ఒకటి తీసేయండి, 0.086 వస్తుంది, అంటే 10 లీటర్లకి 860 మిల్లీలీటర్ల ఆర్వో నీళ్లు కలపాలి. 32 చూపిస్తే ఒక్కో పీపీటీకి లీటరుకి గ్రాము కంటే కొంచెం ఎక్కువ చొప్పున, 10 లీటర్లకి 32 గ్రాముల ఉప్పు వేసి మళ్లీ ఒక గంట తిప్పండి.

మీటర్ అబద్ధం చెబితే

నాకు బాగా బాధ కలిగించిన తప్పు ఇక్కడ జరిగింది. మొదటి రెండేళ్లు ప్లాస్టిక్ డబ్బాలో ముల్లు ఊగే హైడ్రోమీటర్ వాడాను. అందులో నీళ్లు నింపినప్పుడు ముల్లుకి సన్నటి గాలి బుడగలు అంటుకుంటాయి. బుడగ ముల్లుని పైకి లేపుతుంది, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువుంది కదా అని నేను ప్రతివారం ఉప్పు కొంచెం తగ్గిస్తూ వచ్చాను. నా క్లీనర్ రొయ్య ఒక రాత్రి పొట్టు సగం విడిచి అలాగే ఆగిపోయింది. పొద్దున్నకి తల దగ్గర పొట్టు చీలి, తోక ఇంకా పాత పొట్టులోనే ఉండి, పక్కకి ఒరిగి ఉంది. హేచరీ నుంచి రిఫ్రాక్టోమీటర్ (చుక్క నీళ్లలో వెలుతురు వంగేదాన్ని బట్టి సెలినిటీ చూపించే పరికరం) తెచ్చి చూస్తే ట్యాంకు 29లో ఉంది. హైడ్రోమీటర్ 34 అంటోంది. రోజూ వందల తొట్టెలు కొలిచే మనిషిని, ఇంట్లో మీటర్‌ని ఒక్కసారి కూడా పరీక్షించలేదు.

అందుకే రిఫ్రాక్టోమీటర్ కొనండి. ఆక్వా మందులు అమ్మే షాపుల్లో, భీమవరం, కాకినాడ వైపైతే ఎక్కడైనా దొరుకుతుంది. రొయ్యల రైతులు వాడేది అదే, 0 నుంచి 100 పీపీటీ వరకు ఉంటుంది. రెండు మూడు చుక్కలు అద్దం మీద వేసి, మూత వాల్చి, అర నిమిషం ఆగి వెలుతురు వైపు పెట్టి చూడాలి. అద్దం వేడికి చుక్క సర్దుకోవడానికి ఆ అర నిమిషం అవసరం.

ఇప్పుడు ఇంటి ఉప్పు సంగతి. చాలామంది రిఫ్రాక్టోమీటర్‌ని ఆర్వో నీళ్లతో సున్నాకి పెట్టి వదిలేస్తారు. సున్నా దగ్గర సరిగ్గా ఉన్న మీటర్ 35 దగ్గర రెండు మూడు తేడా చూపించొచ్చు. మనకి కావలసింది 35 దగ్గర నిజం. 36.5 గ్రాముల మామూలు పొడి ఉప్పు, 963.5 గ్రాముల ఆర్వో నీళ్లు కాటా మీద తూచి కలపండి. ఆ ద్రావణం రిఫ్రాక్టోమీటర్‌లో 35 పీపీటీ సముద్రపు నీళ్లతో సమానంగా కనిపించాలి. కాటా అర గ్రాము చూపించకపోయినా పర్వాలేదు, 37, 963 వేసుకోండి, తేడా అర పీపీటీ లోపే ఉంటుంది. 35 చూపించకపోతే చిన్న స్క్రూ తిప్పి 35కి తెండి. ఆ నీళ్లు ఒక సీసాలో గట్టిగా మూత పెట్టి, "ట్యాంకులో పోయకూడదు" అని చీటీ అంటించి దాచండి. నెలకోసారి చూసుకోవచ్చు. ఈ లెక్క రిఫ్రాక్టోమీటర్‌కి మాత్రమే, కరెంటు ప్రసారాన్ని బట్టి కొలిచే డిజిటల్ మీటర్లకి పనికిరాదు.

కళ్లుప్పు ఎందుకు వద్దు

సముద్రపు నీళ్లనుంచే కదా వచ్చింది అంటే, నిజమే. నౌపడ దగ్గర ఉప్పు మడులు చూశారా? సముద్రపు నీళ్లు పెట్టి ఎండకి ఆరబెడతారు. నీళ్లు చిక్కబడుతుంటే మొదట సున్నం దిగిపోతుంది, తర్వాత జిప్సమ్, అంటే కాల్షియం చాలావరకు అక్కడే అయిపోతుంది. ఆ తర్వాత ఉప్పు పలుకు కడుతుంది. మెగ్నీషియం, పొటాషియం మిగిలిన చేదు నీళ్లలో ఉండిపోతాయి, వాటిని పారబోస్తారు. చేతికొచ్చేది దాదాపుగా సోడియం క్లోరైడ్ ఒక్కటే. సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 1300 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 410 కాల్షియం, 390 పొటాషియం ఉంటాయి, పీహెచ్ నిలబెట్టే కార్బొనేట్లు ఉంటాయి. కళ్లుప్పు నీళ్లలో అవి లేనట్టే. మీటర్ 35 చూపిస్తుంది, రొయ్యకి పొట్టు గట్టిపడడానికి ఏమీ దొరకదు. సగం మెరైన్ సాల్ట్, సగం కళ్లుప్పు కలిపినా అన్నీ సగానికి పడిపోతాయి. మీది వారానికి 185 గ్రాముల ఖర్చు. ఇందులో మిగిలే డబ్బుకి ఒక రొయ్య కూడా రాదు.

కాకినాడ నీళ్లు

అత్తగారిని శ్రమ పెట్టకండి. మొదటిది, తీరంలో సెలినిటీ నిలకడగా ఉండదు. ఉప్పాడ దగ్గర వేసవిలో 34, 35 చూపించే మా మీటరే, గోదావరికి వరద వచ్చిన రోజుల్లో 20ల్లోకి పడిపోయేది. కృష్ణా, గోదావరి, ఒడిశా నదులు, ఇంకా పైనుంచి గంగ నీళ్లు కలిసిన బంగాళాఖాతం ఇది, వానాకాలం తర్వాత కొన్ని నెలలు మన తీరమంతా ఉప్పు తగ్గే ఉంటుంది. రెండోది, ఒడ్డున పట్టే నీళ్లలో పడవల డీజిల్, డ్రైనేజీ, ఇంకేమేం ఉన్నాయో చూసి చెప్పలేం. మూడోది, క్యాన్‌లో మూతపెట్టి చీకట్లో ఒకరోజు రైల్లో తెస్తే అందులోని కంటికి కనపడని జీవాలు చచ్చి కుళ్లుతాయి, తెరవగానే వాసన తెలుస్తుంది, అమ్మోనియా ఉంటుంది.

మరి హేచరీల్లో సముద్రపు నీళ్లే కదా వాడేది అంటే, అవును, కానీ వాటిని నేరుగా వాడం. ఇసుక ఫిల్టర్ దాటించి, క్లోరిన్ వేసి ఒకటి రెండు రోజులు ఉంచి, గాలి కొట్టి, మిగిలిన క్లోరిన్‌ని థయోసల్ఫేట్‌తో తీసేసి, లోహాల కోసం ఈడీటీఏ వేసి, సన్నటి కాట్రిడ్జ్‌లు, యూవీ దాటించాకే లార్వా దగ్గరికి పంపేవాళ్లం. ఇంట్లో 5 లీటర్ల కోసం ఇదంతా చేసేకంటే 185 గ్రాములు తూచుకోవడం సులువు.

పోసేటప్పుడు

కొత్త నీళ్ల వేడి ట్యాంకుతో ఒక డిగ్రీ తేడాలోపు ఉండాలి. హైదరాబాద్ వేసవిలో రాత్రంతా పంపు తిరిగిన బకెట్ 31, 32 ఉంటుంది, మూత బిగించిన ఐస్ సీసా ఒకటి అందులో తేలనివ్వండి, సీసాలో నీళ్లు బకెట్‌లో కలవకుండా చూడండి. డిసెంబరు, జనవరిలో దీనికి ఎదురు, నీళ్లు 20 దగ్గరికి వస్తాయి. స్నానాలకి వాడే ఇమ్మర్షన్ రాడ్ ఆ బకెట్‌లో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. ఉప్పునీళ్లలో కరెంటు ప్రమాదం ఎక్కువ, ఆ రాడ్ లోహం కూడా నీళ్లలోకి దిగుతుంది. చిన్న అక్వేరియం హీటర్ చాలు, 25 వాట్లదైనా 10 లీటర్లకి రాత్రంతా ఉంటే సరిపోతుంది.

నీళ్లు తీసేముందు ట్యాంకు హీటర్, పంపు ఆపండి. నీళ్లలోంచి బయటపడిన వేడి హీటర్ గాజు పగులుతుంది. 5 లీటర్లు సైఫన్‌తో ఇసుక మీదున్న మురికి చోట నుంచి తీయండి. కొత్త నీళ్లు ఒక పక్కన చిన్న గిన్నె మీద పడేలా నెమ్మదిగా పోయండి, పగడాల మీద నేరుగా పడకూడదు. పది పదిహేను నిమిషాలు తీసుకోండి. వారానికి 5 లీటర్లు మారిస్తే, ఎప్పుడైనా 30కి కలిపిన నీళ్లే పొరపాటున పోశారనుకున్నా, 50 లీటర్ల ట్యాంకు 35 నుంచి 34.5కి మాత్రమే వస్తుంది. రొయ్యకి అది తెలుస్తుంది కానీ దాక్కునేంత కాదు. తరచుగా, కొద్దికొద్దిగా మార్చమనేది ఇందుకే. మెత్తటి పగడాలున్న మీ ట్యాంకుకి కాల్షియం, ఇంకేవైనా సీసాల మందులు విడిగా పోసే అవసరం కూడా దీంతో ఉండదు.

ఆవిరయ్యే నీళ్ల సంగతి మరిచిపోకండి

వేసవిలో ట్యాంకు మీద ఫ్యాన్ పెడితే రోజుకి లీటరు దాకా పోతుంది. నీళ్లు పోతాయి కానీ ఉప్పు పోదు. 50 లీటర్లలో 3 లీటర్లు ఆవిరైతే 35 కాస్తా 37.2 అవుతుంది. కాబట్టి తగ్గిన మట్టం నింపడానికి ఎప్పుడూ ఉప్పు లేని ఆర్వో నీళ్లే పోయాలి. అద్దం మీద మార్కర్‌తో గీత పెట్టి రోజూ ఆ గీతకి నింపండి. ఒకసారి పెళ్లికి తణుకు వెళ్తూ పక్కింటి అమ్మాయికి "బకెట్‌లో నీళ్లు పోసి నింపమ్మా" అని చెప్పి వెళ్లాను. అక్కడ రెండు బకెట్లున్నాయి. ఏది ఏదో నేను చెప్పలేదు. ఆ పిల్ల ఎనిమిది రోజులు శ్రద్ధగా ఉప్పునీళ్లు పోసింది. వచ్చి కొలిస్తే 40. చేపలు బతికాయి, నత్తలు నాలుగూ పోయాయి. అప్పటినుంచి మంచినీళ్లది నీలం బకెట్, ఉప్పునీళ్లది ఎర్ర బకెట్.

మిగిలిన ఉప్పునీళ్లు మూతపెట్టి ఒకటి రెండు వారాలు ఉంచుకోవచ్చు, వాడేముందు ఒక గంట పంపు తిప్పి మళ్లీ కొలవండి. అకస్మాత్తుగా అవసరమైన రోజు చేతిలో సిద్ధంగా ఉన్న 10 లీటర్లు ఎంత ధైర్యమో చెప్పలేను. పొడి ఉప్పు డబ్బా గాలి చొరకుండా బిగించండి, వానాకాలంలో తేమ తాగి రాయిలా గట్టిపడుతుంది. రవాణా కుదుపులకి పలుకులు విడిపోయి అన్నీ సమంగా కలిసి ఉండకపోవచ్చు కాబట్టి కొత్త డబ్బా తెరిచేముందు నేల మీద అటూ ఇటూ బాగా దొర్లించండి.

చివరిగా, ఇవాళే ఒక జాగ్రత్త. ఇదంతా చదివి రేపే 35 నీళ్లు కలిపి 20 లీటర్లు పోసేయకండి. మీ ట్యాంకు ఇప్పుడు ఎంతలో ఉందో మనకి తెలియదు. నా అంచనా 31, 32. ముందు మీటర్‌ని 36.5 గ్రాముల ద్రావణంతో సరిచేసి, ట్యాంకు నీళ్లు కొలవండి. తక్కువగా ఉంటే, ఆ కొద్దిరోజులు మాత్రం ఆవిరైన నీళ్ల స్థానంలో ఆర్వోకి బదులు 35 ఉప్పునీళ్లు పోస్తూ రండి, రోజుకి ఒక పీపీటీకి మించి పెరగకుండా చూసుకోండి. 35కి చేరాక మళ్లీ ఆర్వోతో నింపడం మొదలుపెట్టండి. ఈలోపు రొయ్య పొట్టు విడిస్తే, రాయి పక్కన ఖాళీ పొట్టు చూసి చచ్చిపోయిందని కంగారుపడకండి, తీసేయనూ వద్దు, చాలాసార్లు అదే దాన్ని తినేస్తుంది. సెలినిటీ, వేడి, మీ ఆర్వో టీడీఎస్, ఈ మూడు అంకెలూ ఇక్కడ రాయండి. చూసి మిగతాది చెబుతాను.